ఆదివారం హాస్టల్లో నింపిన 37 ఫారాలు

చెన్నైలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు బయటపెట్టొద్దని కోరింది. కాలేజీ పేరు తనే రాయలేదు, మంచిపని చేసింది.

సొంతూరు ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాన్న కౌలుకు తీసుకుని పొగాకు వేస్తాడు. అమ్మ ఆశా వర్కర్. బైపీసీ అయ్యాక నగర శివార్లలోని ఒక ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలో చేరింది. ఫీజుకు కొంత బ్యాంకు లోను, మిగతాది ఊళ్ళో వడ్డీకి తెచ్చిన డబ్బు. "గేటు మీద రీసెర్చ్ అనే మాట పెద్దక్షరాల్లో ఉంటుంది. చేర్పించడానికి వచ్చిన రోజు మా నాన్న దాని కింద నిలబడి ఫొటో తీయించుకున్నాడు" అని రాసింది. ఇప్పుడు ఏడో సెమిస్టర్.

ఆరుగురు అమ్మాయిలు కలిసి రీసెర్చ్ ప్రాజెక్టు చేస్తున్నారు. మొదటి కాన్పు తల్లులకు తల్లిపాల గురించి ఎంత తెలుసో ఒక ప్రశ్నాపత్రంతో చూడాలి, అది ప్రీ టెస్టు. తర్వాత అరగంట క్లాసు చెప్పాలి. వారం తర్వాత అదే ప్రశ్నాపత్రంతో మళ్ళీ చూడాలి, అది పోస్ట్ టెస్ట్. అరవై మంది తల్లులు కావాలి. ప్రీ టెస్టు పోస్ట్‌నేటల్ (బాలింతల) వార్డులో అరవై మందికీ నిజంగానే చేశారు. క్లాసు కూడా నిజంగానే చెప్పారు. వారం తిరిగేసరికి అందరూ డిశ్చార్జి అయి వెళ్ళిపోయారు. ఫోన్లు చేస్తే 23 మంది దొరికారు. మిగతావాళ్ళు ఎత్తలేదు, లేదా నంబరు పనిచేయలేదు. గైడ్ మేడమ్ "నెలాఖరుకు డేటా స్టాటిస్టీషియన్‌కు పంపాలి, ఎలా పూర్తి చేస్తారో మీ ఇష్టం" అన్నారట. స్టాటిస్టీషియన్ అంటే డేటాకు గణాంకాలు కట్టేవారు. పేపర్ పబ్లిష్ చేస్తామని, అందరి పేర్లూ వేస్తామని కూడా చెప్పారట. ఒక ఆదివారం సాయంత్రం హాస్టల్ గదిలో కూర్చుని 37 పోస్ట్ టెస్ట్ ఫారాలూ పంచుకుని నింపేశారు. ఈ అమ్మాయి తన వాటాకు వచ్చిన ఆరూ నింపనంది. గ్రూప్ లీడర్ ఏమీ అనకుండా వాటిని తీసుకుని తనే నింపింది.

ఆ లీడర్ ఈమె రూమ్మేట్. చిత్తూరు జిల్లా పిల్ల, తమిళం ధారాళంగా మాట్లాడుతుంది. ఫస్టియర్‌లో ఈమెకు డెంగీ వస్తే రాత్రుళ్ళు పక్కనే కూర్చుంది. ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. మెస్‌లో "హరిశ్చంద్రుడి మనవరాలొచ్చింది, జరగండి" అంటున్నారట మిగతావాళ్ళు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "మా రిజిస్టర్లలోనూ ఇల్లిల్లూ తిరక్కుండా రాసే రోజులుంటాయి. నువ్వొక్కదానివే ఏం చేస్తావు, డిగ్రీ చేతికి తెచ్చుకో" అంది. ఉత్తరం చివర మూడు ప్రశ్నలు ఉన్నాయి. నా పేరు ఆ ప్రాజెక్టులో ఉండనివ్వాలా? ఎవరికైనా చెప్పాలా? అసలు నేను చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నానా?

అమ్మాయ్,

నీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన చోటు ఆ ఫోన్ కాల్స్ దగ్గర. నువ్వు స్వయంగా మాట్లాడింది నలుగురు తెలుగు తల్లులతో. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు నుంచి కాన్పుకు వచ్చినవాళ్ళు. ముర్రుపాలు పారబోయకూడదని నలుగురూ టక్కున చెప్పారు. ఆరు నెలలు నిండేదాకా నీళ్ళు కూడా పట్టకూడదన్న ప్రశ్నకూ సరైన జవాబే ఇచ్చారు. తీరా ఫోన్ పెట్టేసేముందు ఇద్దరు, ఎండలకు బిడ్డ నోరు ఎండిపోతోందని అత్త చెంచాతో నీళ్ళు పడుతోందన్నారు. ఇంకొకామె ఇంట్లో గ్రైప్ వాటర్ పడుతున్నారంది. ఇదంతా నువ్వు రెండు వాక్యాల్లో రాసేసి, వెంటనే మళ్ళీ మెస్‌లో జరిగిన అవమానం దగ్గరికి వెళ్ళిపోయావు.

మీ ప్రాజెక్టు మొత్తం మీద ఎవరికైనా పనికొచ్చే సంగతి ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. తల్లికి తెలుసు. పరీక్ష పెడితే మార్కులు వస్తాయి. కానీ చెంచా అత్త చేతిలో ఉంది, ఆ అత్త మీ అరగంట క్లాసులో లేదు. నలుగురి మాటలతో ఏదీ రుజువు కాదు, నిజమే. అయినా ఇలాంటి చిన్న ఆధారం నుంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది. క్లాసు తల్లికి మాత్రమే చెప్పాలా, చూడ్డానికి వచ్చిన అమ్మమ్మనో నాయనమ్మనో కూడా పక్కన కూర్చోబెట్టాలా? ఇప్పుడు హాస్టల్లో నింపిన 37 ఫారాలు తీసి చూడు. వాటిలో ఒక్క అత్త కూడా ఉండదు. అందరూ పాఠం బాగా నేర్చుకున్న తల్లులే. వాటిని ఆ 23తో కలిపి లెక్క కడితే, 'క్లాసు అద్భుతంగా పనిచేసింది' అనే ఫలితం వస్తుంది. మీరు నిజంగా కనుక్కున్న కాస్తా అందులో కలిసి కనిపించకుండా పోతుంది.

అందుకని నీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఇది చిన్న విషయం కాదు. అలాగని ఎవరి ప్రాణం మీదికో వచ్చిందని నిన్ను భయపెట్టను. ఎక్కడో ఒక జర్నల్లో ఒక పేపర్ వస్తుంది, దాన్ని చదివేవాళ్ళు తక్కువ. బహుశా ఏ బిడ్డకూ దానివల్ల కీడు జరగదు. నాకు దిగులు ఇంకో వైపు నుంచి. నర్సు ఉద్యోగంలో సగం పని రాయడమే. ఊపిరి లెక్క చూడాలంటే పేషెంటు ఛాతీ వైపు చూస్తూ నిండు నిమిషం నిలబడాలి. పెద్దవాళ్ళకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు అని నీకు ఫస్టియర్‌లోనే చెప్పి ఉంటారు. మరి ఏ వార్డులోనైనా నాడి, బీపీ, ఊపిరి రాసే వైటల్స్ చార్టులు తిప్పి చూడు, వరసగా అందరూ 20 సార్లే ఊపిరి పీలుస్తూ కనిపిస్తారు. పేషెంటు పరిస్థితి దిగజారుతున్నప్పుడు మొదట్లోనే మారే లెక్కల్లో ఊపిరి ఒకటి. బీపీ పడిపోకముందే అది పెరగడం మొదలుపెడుతుంది. చూడకుండా 20 అని రాసిన చెయ్యి ఆ మార్పును పట్టుకోలేదు. ఎనిమిదో సెమిస్టర్‌లో మీకు 22 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. చార్టులు మీ చేతికే వస్తాయి. ఆదివారం సాయంత్రం ఆరు ఫారాలు నీ చేతితో రాయలేకపోయావే, ఆ ఇబ్బంది నీకు అక్కడ పనికొస్తుంది. దాన్ని ఏదో చాదస్తం అనుకుని వదిలించుకోవాలని చూడకు.

ఒక్క మాట పక్కకు వెళ్ళి చెబుతాను. దీపం పట్టుకుని ప్రమాణం చేసిన రోజు మీకు ఫ్లోరెన్స్ నైటింగేల్ దయ గురించి చెప్పి ఉంటారు. ఆమె లెక్కల గురించి ఎవరూ చెప్పరు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది పోయారని ఆమె 1858లో అంకెలతో, బొమ్మలతో చూపించింది. ప్రభుత్వాన్ని కదిలించినవి ఆ అంకెలు. రీసెర్చ్ అనేది నర్సింగ్‌కు పైనుంచి అంటించిన సబ్జెక్టు అని మీలో చాలామంది అనుకుంటారు కాబట్టి చెప్పాను.

ఇక అసలు ఇది ఎలా జరిగిందో చూద్దాం. మీరు ఆరుగురూ చెడ్డ పిల్లలు కావడం వల్ల జరగలేదు. ప్లాన్‌లోనే లోపం ఉంది. మామూలు కాన్పు అయితే రెండు మూడు రోజుల్లో పంపేస్తారు, సిజేరియన్ అయితే ఇంకొన్ని రోజులు ఉంచుతారు. వారం తర్వాత పోస్ట్ టెస్ట్ అంటే అప్పటికి తల్లి వార్డులో ఉండదని ముందే తెలుసు. తొలికాన్పు కాబట్టి పుట్టింటికి వెళ్ళి ఉంటుంది. కేస్ షీట్ మీద ఉన్న నంబరు చాలాసార్లు భర్తది, అతను డ్యూటీలో ఉంటాడు. ఇదంతా ప్రపోజల్ దశలోనే గైడ్ అడగాల్సిన ప్రశ్న. అరవై మందిని రాసుకున్నప్పుడు ఎందరు జారిపోతారో అంచనా వేసుకోవాలి, ఎక్కడ పట్టుకోవాలో అనుకోవాలి. మీకు ఆ సంగతి చెప్పలేదు, చివర్లో "మీ ఇష్టం" అన్నారు. ఆ మాట ఆవిడకు చాలా సౌకర్యమైన మాట.

ఆవిడ మీదా ఒత్తిడి ఉంటుంది. యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ పద్ధతిలో నూటికి 30 మార్కులు రీసెర్చ్, ప్రొఫెషనల్ ప్రాక్టీస్ అనే పద్దు కింద వస్తాయి. పబ్లికేషన్లు అందులో పెద్ద భాగం. పై నుంచి సంఖ్యలు అడుగుతారు, అవి కిందికి దిగి దిగి చివరికి మీ హాస్టల్ గదిలో తేలతాయి. ఇది ఆవిడను క్షమించడానికి చెప్పడం లేదు. ఎవరితో ఎలా మాట్లాడాలో నీకు తెలియాలని చెబుతున్నాను. పేపర్ వేయడం మీ సిలబస్‌లో లేదు. అక్కడ నీ నుంచి కోరేది ఒక చిన్న ప్రాజెక్టు చేసి ఆ పద్ధతి నేర్చుకోవడం. 23 మందితో కూడా అది నేర్చుకోవచ్చు.

ఇప్పుడు నీ ముందున్న దారులు.

ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఎక్కువమంది చేసేది అదే. మార్కులు వస్తాయి, డిగ్రీ వస్తుంది, రూమ్మేట్‌తో మాటలు కలుస్తాయి. రిస్కు లేదని మాత్రం అనుకోకు. వైవాలో ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్, మామూలుగా అడిగే ప్రశ్నే, "పోస్ట్ టెస్ట్ ఎలా చేశారమ్మా, డ్రాపౌట్స్ ఎందరు?" అని. అరవైకి అరవై మందీ వారానికి దొరికారంటే అనుభవం ఉన్నవాళ్ళు కళ్ళద్దాలు సర్దుకుని చూస్తారు. కల్పించిన మార్కులు ఒకచోట గుంపుగా ఉంటాయి, ఇరవైకి పదిహేడు, పద్దెనిమిది, పద్దెనిమిది. నిజమైనవి చెల్లాచెదురుగా ఉంటాయి. ఎక్సెల్ షీటు చూసిన స్టాటిస్టీషియన్‌కే అనుమానం రావచ్చు. అక్కడ దొరక్కపోయినా, పేపర్ వచ్చాక నీ పేరు ఇంటర్నెట్లో ఉంటుంది. ఎమ్మెస్సీకి వెళ్ళినా, విదేశాలకు అప్లై చేసినా నీ బయోడేటాలో రాసుకోవాలా వద్దా అనే ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. ఆ పేపర్లో, పరిశోధన నైతికంగా జరుగుతోందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందని, తల్లుల సమ్మతి తీసుకున్నామని రాస్తారు. ఆ తల్లులు సంతకం పెట్టింది తాము చెప్పిన జవాబులు వాడుకోవడానికి. చెప్పని జవాబులకు కాదు.

రెండో దారి, ప్రాజెక్టును బాగుచేయడం. నాకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే దీనిలో ఎవరూ దోషిగా నిలబడాల్సిన పని లేదు. 37 పోస్ట్ టెస్టులు తీసేయండి. అరవై మంది ప్రీ టెస్టులూ నిజమైనవే కదా, వాటితోనే 'తొలికాన్పు తల్లులకు తల్లిపాలపై ఉన్న అవగాహన' అని ఒక వివరణాత్మక అధ్యయనంగా మార్చుకోవచ్చు. లేదా శీర్షిక అలాగే ఉంచి, 23 జతలకు పెయిర్డ్ టీ టెస్ట్ (ముందు, తర్వాత మార్కుల తేడాను తూచే లెక్క) చేసి, 37 మంది ఫాలోఅప్‌లో దొరకలేదని స్పష్టంగా రాయొచ్చు. అప్పుడు ఇంకో పని చేయండి. దొరికిన 23 మంది ప్రీ టెస్ట్ మార్కులూ, దొరకని 37 మంది ప్రీ టెస్ట్ మార్కులూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా ఉంటే మీ ఫలితానికి కొంత బలం. దొరికినవాళ్ళు ముందునుంచే ఎక్కువ తెలిసినవాళ్ళయితే అదీ రాయండి. బీఎస్సీ పిల్లలు ఈ పోలిక చేశారంటే ఎక్స్‌టర్నల్ నోట్లోంచి మంచి మాట వస్తుంది, నేను పందెం కాస్తాను.

ఇంకో మార్గం కూడా ఉంది. బిడ్డకు ఆరు వారాలు నిండగానే పెంటావాలెంట్ టీకా మొదటి డోసుకు తీసుకురావాలి. మీ హాస్పిటల్లోనే పుట్టిన పిల్లల్లో కొందరు టీకాకు అక్కడికే వస్తారు. అప్పుడు ఆ తల్లిని, వీలైతే వెంట వచ్చిన పెద్దావిడను కూడా కలవొచ్చు. వారానికి బదులు ఆరు వారాలకు చూడటం పద్ధతిలో మార్పు కాబట్టి గైడ్ ద్వారా ఎథిక్స్ కమిటీకి చెప్పి అనుమతి తీసుకోవాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ప్రోటోకాల్‌లో (ఆమోదం పొందిన పరిశోధన ప్రణాళికలో) మార్పు చేస్తే కమిటీకి తెలపాలి. పెద్దావిడను ప్రశ్నలు అడగాలంటే ఆవిడ సమ్మతి విడిగా కావాలి. దీనికి టైమ్ సరిపోతుందో లేదో మీ వైవా తేదీని బట్టి ఉంటుంది.

ఈ దారిలో కష్టం ఏమిటంటే, మిగతా ఐదుగురూ ఒప్పుకోవాలి. అందుకే ముందు రూమ్మేట్‌తో మాట్లాడాలి. గైడ్ దగ్గరికి ముందు వెళితే నువ్వు పితూరీ చెప్పినట్టే అవుతుంది, ఆ పిల్ల ఇక నీ మొహం చూడదు.

ఆ పిల్ల గురించి నువ్వు ఒకటి నిజాయితీగా రాశావు, అందుకు సంతోషించాను. నీకు తమిళం సరిగ్గా రాదు. అరవై ప్రీ టెస్టుల్లో సగానికిపైగా ఆమే చేసింది. తిట్లు తిన్నదీ ఆమే, గైడ్ రూము బయట నిలబడ్డదీ ఆమే. అలాంటిది నువ్వు "నేను రాయను" అనగానే ఆమెకు ఎలా వినపడి ఉంటుంది? పని మాది, పుణ్యం నీదా అని. నీ ఆరు ఫారాలు ఆమె నింపడం నీకు తప్పుగా కనిపించింది. ఆమె లెక్కలో అది డెంగీ రాత్రుళ్ళ లాంటిదే, నీ పని తను చేసిపెట్టడం.

కాబట్టి నీతి మాట్లాడటానికి వెళ్ళకు. పని తీసుకోవడానికి వెళ్ళు. మెస్‌లో వద్దు, మిగతావాళ్ళ ముందు వద్దు. "నీ కష్టం నాకు తెలుసు, ప్రీ టెస్టులన్నీ నువ్వే మోశావు. ఈ 37 తీసేస్తే చాప్టర్లు మళ్ళీ రాయాలి, ఆ రాతపని మొత్తం నాది. ఎక్సెల్ ఎంట్రీ నాది. లిమిటేషన్స్ నాది. మేడమ్ దగ్గర మాట్లాడేటప్పుడు నేను ముందుంటాను" అను. మిగిలినవాళ్ళలో తెలుగు తల్లులెవరైనా ఉంటే ఆ ఫోన్లు కూడా నువ్వే తీసుకో. నెల్లూరు వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చేవాళ్ళు తక్కువేం కాదు, ఆ విషయంలో మీ గ్రూపులో నీకున్న సౌలభ్యం అందరికీ లేదు. పనిలో పనిగా తమిళం సంగతి కూడా చూసుకో. నాలుగో ఏడాదికి వచ్చి ఇంకా "నొప్పి ఎక్కడ" అని అడగడానికి పక్కమనిషిని పిలుస్తున్నావంటే అది నీ పేషెంట్లకూ ఇబ్బందే. ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ఆమె ఒప్పుకుంటే మిగతా నలుగురూ దాదాపు ఒప్పుకుంటారు. వైవాలో అబద్ధం ఆడాల్సిన టెన్షన్ వాళ్ళకూ ఉంది, పైకి అనరు అంతే. గైడ్ దగ్గరికి ఆరుగురూ కలిసి వెళ్ళండి. "మేడమ్, రీచెక్ చేస్తే 37 పోస్ట్ టెస్టులకు ఫాలోఅప్ జరగలేదని తేలింది, వాటిని తీసేసి 23తో అనాలిసిస్ చేస్తాం" అనండి, చాలు. ఎవరు నింపారు, ఎందుకు నింపారు అనే చర్చ మీరు మొదలుపెట్టొద్దు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు. ఆవిడకు కూడా గౌరవంగా వెనక్కి వచ్చే దారి ఇస్తున్నారు. చాలామంది గైడ్లు ఆ దారి పట్టుకుంటారు. ఈ జవాబు నీకు చేరేసరికి షీటు వెళ్ళిపోయి ఉంటే కూడా ఇదే మాట చెప్పొచ్చు. సవరించిన డేటా పంపడం రీసెర్చ్‌లో మామూలే. పేపర్ అచ్చయ్యాక అయితే అది చాలా పెద్ద తంతు.

వాళ్ళు ఒప్పుకోకపోతే? అప్పుడు మూడో దారి, నీ వరకు నువ్వు తప్పుకోవడం. గైడ్‌కు ఒక చిన్న మెయిల్ రాయి. ప్రీ టెస్టులోనూ, క్లాసులోనూ, నాలుగు ఫోన్ ఫాలోఅప్‌లలోనూ నేను పాల్గొన్నాను, మిగతా పోస్ట్ టెస్ట్ డేటా సేకరణలో నా పాత్ర లేదు, కాబట్టి పబ్లికేషన్‌లో నా పేరు వద్దు, నా పరీక్ష కోసం నేను చేసిన భాగాన్నే రిపోర్టుగా ఇవ్వడానికి అనుమతించండి అని. ఎవరి పేరూ రాయకు, దొంగ డేటా అనే మాట రాయకు. నువ్వు చేసింది మాత్రమే రాయి. కాపీ నీ దగ్గర ఉంచుకో.

దీనికి ధర ఉంటుంది. గైడ్‌కు కోపం రావచ్చు. నర్సింగ్ రీసెర్చ్ సబ్జెక్టులో ఐఎన్‌సీ (ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్) పద్ధతి ప్రకారం వందకు 25 ఇంటర్నల్, 75 ఫైనల్. ఆవిడ చేతిలో ఉన్నది ఆ పాతికలో కొంత. అది తగ్గినా నువ్వు థియరీ బాగా రాస్తే గట్టెక్కుతావు. మరీ దారుణంగా జరిగి ఆ సబ్జెక్టు పోయిందనుకో, మళ్ళీ రాయాలి, కొన్ని నెలలు ఆలస్యం. బ్యాంకు లోను వాయిదాలు మామూలుగా కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా మొదలవవు కాబట్టి అక్కడ ఊపిరి ఉంటుంది. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఊళ్ళో తెచ్చిన అప్పు అసలు ఆగదు. ఆ అప్పు ఎంతో, నెలకు వడ్డీ ఎంతో నువ్వు ఉత్తరంలో రాయలేదు. ఒకసారి నాన్నను అడిగి తెలుసుకో. నీ భయంలో సగం ఆ అంకె తెలియకపోవడం వల్లేనేమో అనిపిస్తోంది.

చివరిది, ఫిర్యాదు చేయడం. క్లాస్ కోఆర్డినేటర్, ప్రిన్సిపాల్, ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శి, ఈ వరసలో. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దాని పైన అప్పీళ్ళు వినే అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. నీ మార్కులు కక్షతో కోశారనిపిస్తే వెళ్ళాల్సింది అక్కడికే. సర్టిఫికెట్లు ఆపుతామని ఎవరైనా బెదిరిస్తే బెదరకు, విద్యార్థుల ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయితే ఫిర్యాదుతో మొదలుపెట్టమని నేను అనలేను. గ్రూపులో ఉన్నదే ఆరుగురు, పేరు లేకుండా రాసినా అది నువ్వేనని సాయంత్రానికి తెలిసిపోతుంది. విచారణ అంటూ జరిగితే ముందు ఇరుక్కునేది ఫారాలు నింపిన పిల్లలు, "మీ ఇష్టం" అన్నావిడ కాదు. ఇవన్నీ తెలిసి కూడా ఫిర్యాదు చేయాలని నీకు అనిపిస్తే అది తప్పేమీ కాదు. నోరు మూసుకో లేకపోతే ఫెయిల్ చేస్తానని గైడ్ బెదిరించినా, నీ అనుమతి లేకుండా నీ పేరుతో పేపర్ పంపినా అప్పుడు ఇక ఆగాల్సిన పని లేదు.

ఏ దారి పట్టినా ఒక జాగ్రత్త. సాక్ష్యం కోసమని తల్లుల ఫారాలను ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోకు, వాట్సాప్‌లో ఎవరికీ పంపకు. వాటి మీద వాళ్ళ పేర్లు, నంబర్లు ఉన్నాయి. నువ్వు ఏ రోజు ఎవరికి ఫోన్ చేశావో, ఎవరు ఎత్తారో నీ నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకో. అది చాలు.

అమ్మ మాట నిన్ను బాగా బాధపెట్టినట్టుంది. ఆమెతో ఈ విషయం మీద వాదించకు. దాదాపు వెయ్యి మంది జనాభాను చూసుకుంటూ, పైవాళ్ళు అడిగిన ప్రతి రిజిస్టరూ నింపే మనిషి ఆమె. ఆ మాటల్లో నాకు వినపడింది అప్పు భయం. కానీ ఆమెను అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లిని ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజులప్పుడు ఇంటికెళ్ళి చూడాలి కదా. ఏడో రోజు వెళ్ళినప్పుడు అత్త చేతిలో చెంచా కనిపిస్తే మీ అమ్మ ఏం అంటుంది? ఎలా చెబితే వింటారు, ఎలా చెబితే గొడవవుతుంది? మీ ప్రశ్నాపత్రం తయారుచేసినవాళ్ళకు తెలియని విషయాలు ఆమెకు తెలిసి ఉంటాయి. డిస్కషన్ చాప్టర్ రాయడానికి ముందు ఒక గంట ఆమెతో మాట్లాడు.

ఈ రాత్రికి చేయగలిగిన పని ఒకటుంది. ఆ 37 మంది పేర్ల పక్కన కాన్పు తేదీ రాసి, ఆరు వారాలు ఎప్పటికి నిండుతాయో లెక్కేసుకో. వైవా లోపు టీకాకు రావాల్సినవాళ్ళు ఎందరో తేలుతుంది. రూమ్మేట్‌తో మాట్లాడటానికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్ళు.